నాయనమ్మ చూసిన హైదరాబాదు

మొన్న వేసవిలో అత్తిలి నుంచి మా పిన్ని కూతురు పిల్లల్ని తీసుకుని హైదరాబాదులో మా ఇంటికి వచ్చింది. ఉన్నన్నాళ్ళూ వాళ్ళని నేనే దగ్గరుండి తిప్పాను. మ్యూజియం చూపించాను, ట్యాంక్‌బండ్ మీద మొక్కజొన్న పొత్తులు కొనిపెట్టాను, పాతబస్తీలో గాజుల కొట్లన్నీ ఓపిగ్గా తిప్పాను. గోల్కొండ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆఫీసులో పనుందని చెప్పి, కారు మాట్లాడి, వాళ్ళని పంపేశాను. పని లేదు. ఈ ఊళ్ళో ఉద్యోగానికి వచ్చి ఇన్నేళ్ళయినా ఆ కోట మెట్లు నేను రెండోసారి ఎక్కలేదు. ఎందుకని ఆ సాయంత్రం తను అడిగితే మోకాళ్ళ నొప్పులన్నాను. అసలు సంగతి చెప్పాలంటే ఏలూరులో మా పాత ఇంటి వసారా దగ్గర మొదలుపెట్టాలి. అప్పుడు నేను ఎనిమిదో తరగతి.

ఆ వసారా పేరుకే వసారా. ఒక పక్క తవుడు బస్తాలు, ఇంకో పక్క వేరుశనగ చెక్క బస్తాలు, మధ్యలో మనిషి పక్కకి తిరిగి నడిచేంత దారి. రెండూ చేపల మేతే. ముసురు పట్టిందంటే తవుడు ముక్కిపోయి ఆ వాసన ఇల్లంతా కమ్ముకునేది. మా దుప్పట్లకీ అదే వాసన, నా స్కూలు డ్రెస్సుకీ అదే వాసన. బెంచీలో నా పక్కన కూర్చునే అమ్మాయి "మీకు గేదెలున్నాయా?" అని అడిగితే అవునని చెప్పేశాను. నాన్న తెల్లవారకముందే మోటారుసైకిలు మీద కొల్లేటి వైపు, మా చేపల చెరువు దగ్గరికి వెళ్ళిపోయేవారు. చేప పైకి తేలి నోరు తెరుస్తోందంటే నీళ్ళలో గాలి తగ్గినట్టు. ఆ వేళకి మనిషి గట్టు మీద లేకపోతే మధ్యాహ్నానికి చచ్చిన చేపలతో చెరువు తెల్లబడిపోతుంది. ఎండెక్కాక తిరిగొచ్చి, నూతి దగ్గర కాళ్ళకంటిన నల్లమట్టి కడుక్కుని, పీట మీద కూర్చుని అన్నం తినేవారు. తింటున్నంతసేపూ ఒక్క మాట ఉండేది కాదు. కోపిష్టి మనిషి కాదు. మాటలు పొదుపు, అంతే. ఏదైనా తేవాలనిపిస్తే తెచ్చి గూట్లో పెట్టేవారు తప్ప, మీకేం కావాలని అడగడం ఆయనకి అలవాటు లేదు.

ఆ చెరువు తాతయ్య పొలం అమ్మి నాన్న తవ్వించింది. అమ్మేముందు నాయనమ్మ, "మట్టి అమ్ముకుని నీళ్ళు కొంటావట్రా రాంబాబూ" అందట. ఆ తరవాత మళ్ళీ ఆ మాటెత్తలేదు. ఆవిడకి రేడియో నాటకాలంటే ప్రాణం. ఆదివారం మధ్యాహ్నం రేడియో చెవి దగ్గర పెట్టుకుని మంచం మీద పడుకుని, పాత్రలన్నిటికీ సమాధానాలు చెబుతూ ఉండేది. అమ్మ వారపత్రికలో వచ్చిన మంచి బొమ్మలు కత్తిరించి బీరువా తలుపు లోపల అంటించుకునేది. వాటిలో ఒకటి, మేలిముసుగు కప్పుకున్న పాలరాతి స్త్రీ. రాతిలో ముసుగు, ఆ ముసుగులోంచి ముఖం కనిపిస్తుంది. అది హైదరాబాదు మ్యూజియంలో ఉందని కింద రాసి ఉండేది.

ఆ ఏడు ఎండలు ముదిరేసరికి ఊరంతా ఒకటే మాట. కొల్లేటి సరస్సు లోపల తవ్విన చెరువుల గట్లన్నీ ప్రభుత్వం కొట్టేస్తుందని. పేపర్లో రోజూ వచ్చేది. మా ఇంటికొచ్చే మనుషులు గుమ్మం బయటే నిలబడి గొంతు తగ్గించి మాట్లాడేవారు. ఒకరోజు మా చెరువు కాపలా మనిషి సైదులు సైకిలు తొక్కుకుంటూ అంత దూరం వచ్చాడు. "అయ్యా, మన గట్టు మీద కూడా ఎర్రరంగు పూసి పోయారండి" అన్నాడు. నాన్న వింటూ తవుడు బస్తా మూతి కడుతున్నారు. కట్టడం పూర్తిచేసి, "సరేలే, ఎండలో వచ్చావు, మజ్జిగ తాగి వెళ్ళు" అన్నారు. ఆ మర్నాటి నుంచి ఆయన తెల్లారకట్ట వెళ్ళడం మానేశారు. వసారాలో బస్తాల మీద కూర్చుని ఉండేవారు. బండి చప్పుడు లేని ఆ పొద్దుల్లో ఎవరూ పిలవకుండానే నాకు మెలకువ వచ్చేసేది.

అలాంటి రోజుల్లోనే ఒక సాయంత్రం అన్నం తింటూ తల ఎత్తి, "నీకేం చూడాలనుందమ్మా?" అని నన్నడిగారు. నాకు అర్థం కాలేదు. "హైదరాబాదు వెళ్దాం. నీకేం కావాలో చెప్పు" అన్నారు. తలపాగా పెట్టుకున్న మనిషి తలుపు తీసే పెద్ద హోటల్లో భోజనం చెయ్యాలన్నాను. నాయనమ్మని అడిగితే ఆవిడ నమ్మలేక రెండుసార్లు అడిగించుకుని, వేదిక మీద పౌరాణిక నాటకం చూడాలంది. అమ్మని అడిగారు. గిన్నెలో గరిటె అలాగే పట్టుకుని అమ్మ ఆయన్ని చూసింది. "ఇప్పుడు హైదరాబాదేంటండీ?" అంది. "అక్కడ ఆఫీసులో ఒకాయన్ని కలవాలి. ఎలాగూ బండి వెళ్తుంది కదా" అన్నారు నాన్న.

బండి ఖాసింగారిది. నాన్నకి చిన్నప్పటి స్నేహితుడు. ఆయన ఇంట్లో అందరూ తివాచీలు నేసేవారు. ఆ ఉన్ని దుమ్ముకి దగ్గొచ్చి ఆయనొక్కడూ మగ్గం వదిలేసి వ్యాను కొనుక్కున్నాడు. పెళ్ళిళ్ళకీ యాత్రలకీ తిప్పేవాడు. దారిపొడుగునా నాయనమ్మ పులిహోర పంచుతూనే ఉంది. నేను పాటలు పాడాను. నాన్న ముందు సీట్లో కూర్చుని ఊరు కనుమరుగయ్యేదాకా పక్క కిటికీలోంచి వెనక్కి చూస్తూనే ఉన్నారు.

నాంపల్లిలో ఒక లాడ్జిలో దిగాం. మొదటిరోజే మ్యూజియం. మూసీ ఒడ్డున ఆ పెద్ద భవనంలో ఎన్ని గదులో, కత్తులు, పింగాణీ, దంతపు కుర్చీలు, గంట కొట్టే బొమ్మ గడియారం ముందు జాతరలా జనం. అమ్మ ఆ పాలరాతి స్త్రీ ఎదురుగా నిలబడిపోయింది. బీరువా తలుపు మీద అరచేతంత బొమ్మగా చూసింది అక్కడ నిలువెత్తున ఉంది. "నిజంగానే ముసుగులా ఉందే, ఊదితే కదిలేలా ఉంది" అని చిన్నపిల్లలా నవ్వింది. నేను నాన్నని పిలిచి చూపించబోయాను. నాన్న బొమ్మని చూడటం లేదు. నాలుగడుగుల దూరంలో నిలబడి అమ్మని చూస్తున్నారు. ఫోటో తీసేవాడు చూసినట్టు, కళ్ళార్పకుండా. ఎందుకో నాకు పిలవబుద్ధి కాలేదు. ఆ గదిలో చల్లగా ఉండడం వల్ల కాబోలు, చేతులు ముడుచుకున్నాను.

సాయంత్రం నాటకం. రంగురంగుల తెరలు, కిరీటాలు, హార్మోనియం, పద్యం పూర్తికాగానే వన్స్‌మోర్లు. నాయనమ్మ రేడియోకి చెప్పినట్టే అక్కడా సమాధానాలు చెబుతుంటే ముందు వరసవాళ్ళు తిరిగి చూశారు. ఉరుములూ మెరుపులూ వేదిక మీదకి దిగినప్పుడు ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. అప్పుడు కూడా నాన్న వేదిక వైపు చూడలేదు. మెరుపు వెలుగులో ఆయన నాయనమ్మ మొహమే చూస్తూ కనిపించారు. అమ్మ ఇద్దరినీ చూస్తోంది.

మర్నాడు పొద్దున్నే నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆఫీసుకి వెళ్ళారు. మధ్యాహ్నానికి తిరిగొచ్చారు. "కలిశారా?" అంటే "కలిశాను" అన్నారు. "ఏమన్నారండీ?" అంటే "మంచినీళ్ళివ్వు" అన్నారు. తరవాత బజార్లో నడుస్తుండగా అమ్మ బట్టల కొట్టు చూపించి, "మీకూ ఒక చొక్కా గుడ్డ తీసుకుందామండీ" అంది. "నాకెందుకులే" అన్నారు. ఆ మాట ఎప్పుడూ అనేదే. ఆ రోజు మాత్రం అమ్మ నడుస్తున్నదల్లా ఆగిపోయింది.

సాయంత్రం నేను కోరుకున్న హోటలు. తలపాగా మనిషి నిజంగానే తలుపు తీసి నాకు సలాం చేశాడు. తెల్లగుడ్డ పరిచిన బల్ల, గుడ్డ మడిచి పువ్వులా నిలబెట్టిన గ్లాసు, చల్లగాలి. నాయనమ్మ కాళ్ళు పైకి ముడుచుకుని కుర్చీలో మఠం వేసుకుంది. వడ్డించే అతను చేప వేపుడు తెస్తే కొంచెం తుంచి నోట్లో పెట్టుకుని, "ఇది మన వైపుది కాదర్రా, ఐసులో వారం పడుకుంది" అని తేల్చింది. అందరం నవ్వుతుండగా ఖాసింగారి ఫోను మోగింది. ఆయన విని, లేచి, ఫోను నాన్నకిచ్చాడు. నాన్న అద్దాల తలుపు అవతలికి వెళ్ళి మాట్లాడారు. లోపలి నుంచి ఆయన వీపు మాత్రం కనిపిస్తోంది. ఫోను ఆపేశాక కూడా చెవి దగ్గర అలాగే పెట్టుకుని నిలబడ్డారు. తలపాగా మనిషి ఆయన కోసం తలుపు తెరిచి పట్టుకుని ఎదురుచూశాడు. తిరిగొచ్చి కూర్చుని, నా పళ్ళెం చూసి, "ఐస్‌క్రీం తెప్పించనా? ఇంకేం కావాలి? చెప్పమ్మా" అన్నారు. గొంతు ఎంత మెత్తగా ఉందంటే నాకు ఏడుపొచ్చింది. ఐస్‌క్రీం తెప్పించారు. మా గట్టు మధ్యాహ్నమే కొట్టేశారని, నీళ్ళు అప్పటికే సగం పోయాయని, సైదులు చేసిన ఫోను అది.

తెల్లారేసరికి మా సామాను వ్యాను దగ్గర ఉంది. నాన్నే మోసుకెళ్ళి పెట్టారు. "మీరు బయల్దేరండి. నాకింకా రెండ్రోజులు పనుంది. బస్సులో వచ్చేస్తాను" అన్నారు. అని స్నానానికి వెళ్ళారు. నేను మెట్ల మీద కూర్చుని చెప్పు బద్దీ సరిచేసుకుంటున్నాను. ఖాసింగారు పైకి వచ్చి అమ్మని పక్కకి పిలిచాడు.

"చెల్లెమ్మగారూ, ఒక మాటండి. చెప్పకపోతే నాకు తిండి సయించదు. మిమ్మల్ని ఏలూరు కాదు, తాడేపల్లిగూడెంలో మీ అన్నయ్యగారింట్లో దింపమన్నారండి. ఎందుకండీ అంటే, అక్కడుంటే నాకు బెంగుండదు అన్నారు. తన చేతి గడియారం తీసి నా చేతిలో పెట్టారండి, ఉంచుకో అని. నేనొద్దన్నానండి. నాకా మాట తీరు నచ్చలేదండి."

అమ్మ గోడకి ఆనుకుంది. కాసేపటికి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. లోపల నాయనమ్మతో ఏం చెప్పిందో నాకు వినపడలేదు. నాన్న తల తుడుచుకుంటూ వచ్చేసరికి నాయనమ్మ మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది.

"నేను జూ చూడాలి" అంది.

"జూ ఏంటమ్మా? ఇంకోసారి చూద్దువుగాని."

"నాకు ఇంకోసారి ఎక్కడుందిరా? ఏనుగుని చూడకుండా నేను బండెక్కను. నువ్వు దగ్గరుండి చూపించాలి."

ఖాసింగారు సామాను మళ్ళీ పైకి మోశాడు. జూకి వెళ్తే ఆ రోజు సెలవు. గేటు వేసి ఉంది. "రేపొద్దాం" అంది నాయనమ్మ తాపీగా. అలా మొదలైంది. మర్నాడు ఏనుగునీ పులినీ చూశాక, చుక్కలు చూపించే గుండ్రటి మేడ ఉందటగా అంది. అది చూశాక గుట్ట మీది పాలరాతి గుడి అంది. ఆ తరవాత పాతబస్తీలో ముత్యాలు ఎలా గుచ్చుతారో చూడాలంది. కొనేది లేదు, గంటలతరబడి గుచ్చేవాళ్ళ ఎదురుగా కూర్చునేది. ఆవిడ పాదాలు బూరెల్లా పొంగాయి. అమ్మ తడిగుడ్డ చుట్టేది. వడగాలికి నా పెదవులు పగిలిపోయాయి. ఇంటికి పోదామని ఏడిస్తే అమ్మ నా రెండు భుజాలూ పట్టుకుని, "నాన్న చెయ్యి వదలకు. ఎందుకని అడక్కు" అంది. ఎక్కడికి వెళ్ళినా నాన్నకి ఒక పక్క నేను, ఒక పక్క అమ్మ, వెనక ఖాసింగారు. నాన్న సిగరెట్టు కాల్చుకోవడానికి వెళ్తే ఖాసింగారికీ సిగరెట్టు కావాల్సివచ్చేది. రాత్రిళ్ళు అమ్మ తలుపుకి అడ్డంగా దుప్పటి పరుచుకుని పడుకునేది. ట్యాంక్‌బండ్ దగ్గర పడవెక్కుదామని నేనంటే అమ్మ గట్టిగా వద్దంది. నీళ్ళంటే భయమట. ప్రతి ఏడూ కొల్లేటికోట తిరునాళ్ళకి పడవ అంచున కూర్చుని, నీళ్ళలో చెయ్యి పెట్టి ఆడుకుంటూ వెళ్ళే మనిషి. మా అమ్మ అబద్ధం చెప్పడం నేను చూడడం అదే మొదలు. ఆ రోజు ఆ నీళ్ళ వైపు నేను కూడా మళ్ళీ చూడలేదు.

నాన్న ఒక్క దేనికీ ఎదురుచెప్పలేదు. తీసుకెళ్ళిన చోటికల్లా వచ్చేవారు. పెట్టింది తినేవారు. పులి బోను ముందు నిలబడమంటే నిలబడేవారు. మనిషిని ఎక్కడో మరిచిపోయి చొక్కాని వెంట తిప్పుతున్నట్టుండేది.

గోల్కొండ వెళ్ళిన రోజు అమ్మకి వడదెబ్బ తగిలింది. కింది గుమ్మటం దాకా వచ్చి కళ్ళు తిరిగి కూలబడింది. ఖాసింగారు సోడా కోసం పరిగెత్తాడు. నాన్న పైకి చూసి, "మీరిక్కడే నీడలో కూర్చోండి. నేనొక్కణ్ణీ పైదాకా వెళ్ళొస్తాను" అన్నారు. ఆ వారంలో ఆయన తనంతట తాను అడిగింది అదొక్కటే. అమ్మ లేవబోయి లేవలేక నన్ను ముందుకు తోసింది. "నువ్వెళ్ళు. వెళ్ళవే!"

ఆ మెట్లు నాకు పూర్తిగా గుర్తులేవు. ఎండకి కాలిపోతున్న రాళ్ళు గుర్తున్నాయి. నాన్న మణికట్టు గుర్తుంది. చెమటతో జారిపోతుంటే మళ్ళీ మళ్ళీ పట్టుకున్నాను. పైన గాలి వీస్తోంది. మోకాలెత్తు గోడ, దాని అవతల ఏమీ లేదు. ఊరంతా ఎక్కడో అడుగున తెల్లగా పడుంది. నాన్న ఆ వైపే చూస్తూ, "నువ్వా మంటపంలో కూర్చోమ్మా. నేనటు చూసొస్తాను" అన్నారు. నేనూ వస్తానన్నాను. "ఎండగా ఉంది" అన్నారు. నేను వదల్లేదు. అప్పుడాయన వంగి, నా వేళ్ళు ఒక్కొక్కటీ, నొప్పి తగలకుండా విడదీశారు. ఆయన రెండు మూడు అడుగులు వేశారు.

అప్పుడు చప్పట్లు వినిపించాయి. కింద గుమ్మటం దగ్గర చప్పట్లు కొడితే పైదాకా వినపడేలా కట్టారని అందరూ చెప్పుకునేదే. వచ్చినవాళ్ళు ఒకటి రెండుసార్లు కొట్టి మురిసిపోతారు. ఇవి ఆగలేదు. రెండు గట్టిగా, కొంచెం ఆగి, మళ్ళీ రెండు. పైనున్న జనం నవ్వడం మొదలుపెట్టారు. "ఎవరో గాని వదిలేలా లేరు" అన్నాడొకాయన. నాన్న నడుస్తున్నవారు ఆగారు. వీపు నా వైపే ఉంది. మేడ మీద వడియాలు ఎండబెట్టి కాకుల్ని తోలేటప్పుడు నాయనమ్మ చప్పట్లు సరిగ్గా అలాగే ఉంటాయి. అది నాకు తట్టేలోపే ఆయన, "మా అమ్మ" అన్నారు. కింద అవి మోగుతూనే ఉన్నాయి. ఎంతసేపు విన్నారో తెలియదు. తిరిగొచ్చి నా చెయ్యి ఆయనే పట్టుకున్నారు. "ఆపదు. పద" అన్నారు.

మేము ఎదురుగా వచ్చి నిలబడేదాకా నాయనమ్మ కొడుతూనే ఉంది. అరచేతులు కమిలిపోయాయి. "ఎంతసేపురా? ఆకలేస్తోంది" అంది. నాన్న ఆ రాళ్ళ మీదే ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడ్డారు. అంతమంది జనం మధ్య బావురుమన్నారు. "పొలం పోయిందే అమ్మా. చెరువూ పోయింది. ఇంకేం మొహం పెట్టుకుని ఊళ్ళో తిరగను?" అన్నారు. నాయనమ్మ ఆ చేతుల్తోనే ఆయన తల పట్టుకుంది. "పోతే పోయాయి. నేను నిన్ను కన్నానుగాని వాటిని కన్నానా? ఇంటికి రా" అంది. అమ్మ ఏడవలేదు. సోడా సీసా పట్టుకుని వచ్చిన ఖాసింగారు మొహం పక్కకి తిప్పుకున్నాడు.

ఏలూరు చేరేసరికి ఊరి మీదకి చచ్చిన చేపల వాసన వచ్చేసింది. మర్నాడు అందరం కలిసే చెరువు దగ్గరికి వెళ్ళాం. గట్టు నడుమ పెద్ద గండి. అడుగున బురద, ఆ బురదలో కుళ్ళిన చేపలు, మిగిలిన నీటి గుంటల్లో ఇంకా కొట్టుకుంటున్నవి కొన్ని, పైన ఆకాశం కనిపించనన్ని కొంగలు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు గంపలతో దిగి ఏరుకుంటున్నారు. సైదులు గట్టు మీద తలమీద తువ్వాలు వేసుకుని కూర్చున్నాడు. నాన్న వెళ్ళి అతని పక్కన కూర్చున్నారు. ఇద్దరూ పొద్దువాలేదాకా అలా చూస్తూనే ఉన్నారు. ఆ జూన్‌లో మేము తాడేపల్లిగూడెం వచ్చేశాం. మా మామయ్య ఉల్లిపాయల కొట్లో లారీలు దింపించే పని నాన్నకి దొరికింది. తవుడు వాసన పోయి ఇంటికి ఉల్లిపాయల వాసన వచ్చింది.

పెద్ద చదువులు చదివాక తెలిసింది, కొల్లేరు బతకాలంటే ఆ గట్లు తెగాల్సిందేనని. కాదనను. ఇప్పుడు అక్కడ పక్షుల్ని చూడ్డానికి జనం టిక్కెట్టు కొనుక్కుని పడవెక్కుతున్నారు. మా వాళ్ళు కూడా తీసుకెళ్ళమని అడుగుతారు, తీసుకెళ్తాను. ఇప్పుడు నాన్న ఎక్కడున్నారో నా ఫోను చూస్తే తెలుస్తుంది. రోజుకి రెండుసార్లు మాట్లాడుకుంటాం. ఆ రోజుల్లో అమ్మకి అలాంటిదేమీ లేదు. ఎవరికి చెప్పుకోవాలో, ఏ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలో తెలియదు. ఆ ఇద్దరు ఆడవాళ్ళకీ తెలిసిందల్లా మనిషిని ఒంటరిగా వదలకూడదని. దానికోసం ఊరంతా చూశారు. ఈ నగరంలో పేరున్న ప్రతి చోటునీ నేను మొదటిసారి భయంతోనే చూశాను. ఆ భయానికి పేరు తెలిసింది మాత్రం ఇంటరు చదివేటప్పుడు, ఒక మధ్యాహ్నం అమ్మ బియ్యం ఏరుతూ అంతా చెప్పినప్పుడు.

నాయనమ్మ మాత్రం పోయేదాకా ఆ ప్రయాణాన్ని ఒక వైభవంగానే చెప్పుకుంది. గూడెంలో సాయంత్రాలు అరుగు మీద చుట్టుపక్కల ఆడవాళ్ళని పోగేసి, ఏనుగు ఎంతుందో, నాటకంలో మెరుపు ఎలా మెరిసిందో, బల్ల మీద గుడ్డని పువ్వులా ఎలా మడిచారో వర్ణించేది. "ఎంతమందికి ఉంటుందండీ ఆ అదృష్టం? మా రాంబాబు నన్ను హైదరాబాదంతా తిప్పి చూపించాడు" అనేది. నాన్న లోపల ఉంటే లోపలే ఉండిపోయేవారు. బయట ఉంటే తల వంచుకుని చేతికున్న ఉల్లిపొట్టు దులుపుకునేవారు. ఆ సంగతి మీద ఆయన నోరు విప్పగా నేను విన్నది ఒకే ఒక్కసారి. ఆవిడ ఎప్పటిలాగే ఆ మాట అంది. నాన్న గుమ్మంలో చెప్పులు విప్పుతూ, "నేను కాదమ్మా. నువ్వే నన్ను తిప్పావు" అన్నారు.

అరుగు మీదవాళ్ళు అదేదో పరాచికం అనుకుని నవ్వారు. నాయనమ్మ కూడా నవ్వింది. అమ్మ మాత్రం చేతిలో పళ్ళెం కింద పెట్టి, లేచి లోపలికి వెళ్ళిపోయింది.